బోస్టను నగరమున యల్లాప్రగడ సుబ్బారావుగారి తొలి దినములు

మన సంఘ వార్షిక మహాసభా సంచికలలో కీర్తిశేషులైన మహనీయుల చరిత్రములను ప్రకటించుట ఆచారముగా వచ్చుచున్నది. ఈ యేడు డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారిని గూర్చి వ్రాయవలసినదని కార్యదర్శిగారు కోరగా మేము సంతోషముతో నంగీకరించితిమి. అయితే వారి పరిశోధనలను గూర్చియు, వారికి రావలసియు రాని బహుమానములను గూర్చియు ఇదివఱకే పెక్కుమంది వ్రాసియున్నారు. మేము మాత్రము వారి జీవితమునందలి యొక చిన్న భాగమును, అనగా 1922వ సంవత్సరము అక్టోబరు మాసమున వారు అమెరికాదేశమందలి బోస్టను నగరమున నడుగిడిన తరువాతి దినములను, కొంచెము విస్తరించి చెప్పదలచితిమి. తక్కిన కథను సంగ్రహముగా ముగించెదము.

ఇట్లేల చేయుచున్నారని చదువరు లడుగవచ్చును. మన సభ్యులలో ననేకులు నివసించు ఈ దిల్‌సుఖ్‌నగరు, ఎల్.బి. నగరు ప్రాంతములను చూడుడు. విజయవాడ రహదారిమీదుగా నల్లగొండ నుండియు, కృష్ణా గోదావరీ మండలముల నుండియు వచ్చు బస్సులు ఎల్.బి. నగరు కూడలియొద్ద పిల్లలను దింపిపోవును. వారచ్చటినుండి పెట్టె చేతబట్టుకొని దిల్‌సుఖ్‌నగరు సందులలోని హాస్టళ్లకు చేరుదురు. కొందఱు కంప్యూటరు విద్యలు నేర్తురు. కొందఱు విదేశ విశ్వవిద్యాలయములలో ప్రవేశమునకు వలయు పరీక్షలకు సిద్ధమగుదురు. ఆ పల్లె బిడ్డలకు మొదటి పరదేశము దిల్‌సుఖ్‌నగరే. పిమ్మట ఒకనాటి రాత్రి ఆవకాయ సీసాలు సంచులలో సర్దుకొని, తల్లిదండ్రులకు నమస్కరించి, శంషాబాదు విమానాశ్రయమునకు పోవుదురు. వారు వెళ్లిన పిదప వారి తలిదండ్రులను మనము దేవాలయమునందో పెండ్లిపందిటనో కలిసికొని, అబ్బాయి యచ్చట కుదురుకొన్నాడా యని యడుగుదుము. కుదురుకొన్నాడని వారు చెప్పుదురు. ఎట్లు కుదురుకొన్నాడో చెప్పరు. ఆ చెప్పని సంగతియే మా వ్యాసమునకు విషయము.

సుబ్బారావుగారు 1895 జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించిరి. తండ్రి జగన్నాథముగారు రెవిన్యూ శాఖలో చిన్న యుద్యోగి; తల్లి వెంకమ్మగారు. పెద్ద సంసారము, స్వల్పాదాయము. మనవారిలో నాడు తఱచుగా కనబడిన స్థితియే. బాలుడు పదుమూడేండ్ల ప్రాయమున నిల్లు విడిచి, కాశీలో యాత్రికులకు అరటిపండ్ల నమ్మి ధనము గడింపవలెనని బయలుదేరెను. ఇంటివారు పట్టి తెచ్చిరి. మెట్రిక్యులేషను పరీక్షయందు రెండు పర్యాయములు తప్పి, మూడవమాఱు మదరాసు హిందూ హైస్కూలు నుండి కృతార్థుడయ్యెను. ఈ మాట మేము బుద్ధిపూర్వకముగనే వ్రాయుచున్నాము. ముప్పదియేండ్లకు మించి పాఠములు చెప్పినవారమగుటచే, ఒకసారి తప్పిన పిల్లవానిని గూర్చి యింటివారాడు మాటలు మే మెఱుగుదుము. తండ్రి గతించెను. తల్లి నగలమ్మి చదువు సాగించెను.

కళాశాలలో నున్నప్పుడు సుబ్బారావుగారికి రామకృష్ణ మఠమువైపు మనసు మరలినది. సన్న్యసింపగోరిరి. తల్లి యనుమతి లేనిదే చేర్చుకొనమని మఠమువారు చెప్పిరి. తల్లి యనుమతి నీయలేదు. వైద్యుడవై వచ్చి సేవచేయవచ్చునను సలహామీద మదరాసు వైద్యకళాశాలలో చేరిరి. 1919లో అనపర్తి వాస్తవ్యులగు కస్తూరి సూర్యనారాయణమూర్తిగారి కుమార్తె శేషగిరిగారితో వివాహమయ్యెను. గాంధీమహాత్ముని పిలుపునకు లోనై, శస్త్రచికిత్సాశాలకు ఖద్దరు వస్త్రము ధరించి పోవుటచే, ఆ శాఖాచార్యుడగు బ్రాడ్‌ఫీల్డు దొరకు ఆగ్రహము కలిగినదనియు, అందువలననే ఎం.బి.బి.ఎస్. పట్టమునకు బదులు దానికంటె తక్కువదగు ఎల్.ఎం.ఎస్. పట్టము మాత్రమే లభించినదనియు వారి చరిత్రకారులు చెప్పుదురు. ప్రభుత్వ వైద్యశాఖలో నుద్యోగము దొరకలేదు. డాక్టరు ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో శారీరశాస్త్రము బోధింప మొదలుపెట్టిరి.

ఇంతలో నింట మృత్యువు ప్రవేశించినది. పురుషోత్తము, కృష్ణమూర్తి యను సోదరు లిరువురు కొద్ది దినముల యంతరమున స్ప్రూ అను వ్యాధిచే మరణించిరి. ఇది మన వైద్యులు చెప్పు గ్రహణిని పోలిన రోగము. తిన్నది వంటబట్టక, రక్తము క్షీణించి, మనుష్యుడు నిలువున నెండిపోవును. ఆ రోగమే సుబ్బారావుగారికిని సోకగా లక్ష్మీపతిగారి యాయుర్వేద చికిత్సచే బ్రదికి బయటపడిరి. తాము చదివిన పాశ్చాత్య వైద్యమున దీనికి మందులేదు. ఉష్ణమండల వ్యాధుల శాస్త్రమును నేర్వవలెనను పట్టుదల యచ్చట పుట్టినది. అమెరికా నుండి వచ్చిన యొక వైద్యునితో యాదృచ్ఛికముగా కలిగిన పరిచయము హార్వర్డు విశ్వవిద్యాలయమువైపు దారి చూపినది.

దారి తెలిసినంత మాత్రమున చేతికి డబ్బు రాదు గదా. మామగారు కొంత సమకూర్చిరి. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకరుగారి ధర్మసంస్థ సహాయము చేయుదుమని మాటయిచ్చినది. ఇచ్చట మా పోషకమహాశయులు ఒక్కక్షణ మాగవలెనని ప్రార్థన. సత్యలింగ నాయకరుగారు మన కులమువారు కారు. సముద్రతీరమునందలి బెస్తవారి వంశమున పుట్టి, బీదతనమున రంగూను నగరమునకు పోయి, ఆ పరదేశమున కష్టించి విస్తారమగు ధనము గడించి, దానిని విద్యార్థుల కొఱకు ధర్మము చేసిన దాత. 1915లో వారు స్వర్గస్థులైన పిమ్మట ఆ ధనము నియోగి బ్రాహ్మణ యువకునికి సముద్రము దాటు దారియైనది. మన సంఘమునందు విద్యార్థివేతనముల ప్రస్తావన వచ్చినప్పుడెల్ల మాకీ సంగతి స్మృతికి వచ్చుచుండును.

సముద్రయానమును గూర్చి యొక మాట. బౌధాయన ధర్మసూత్రమునందు సముద్రయానము పతనీయ కర్మలలో లెక్కింపబడినది. అదే గ్రంథమున నది యుత్తరదేశీయుల యాచారములలో నొకటిగాను చెప్పబడినది. అనగా నిషేధించిన కాలమునందే పోవువారు పోవుచునే యుండిరన్నమాట. 1922 నాటికి మన గ్రామములలోని వృద్ధులు తప్ప ఈ నిషేధమును పట్టించుకొను వారు తగ్గిరి. కాని సముద్రము దాటుట వేఱు, దాటిన పిదప అచ్చట నేమి చేసి పొట్ట నింపుకొనవలెనను ప్రశ్న వేఱు. మొదటిదానికి మన శాస్త్రములలో ప్రాయశ్చిత్తము చెప్పబడినది. రెండవదానికి మన యభిమానము ప్రాయశ్చిత్తము నంగీకరింపదు.

1922 అక్టోబరు 26వ తేదీన సుబ్బారావుగారు బోస్టను చేరిరి. వయస్సు ఇరువదియేడు సంవత్సరములు. భీమవరము భూమధ్యరేఖ కుత్తరమున పదునాఱున్నర భాగల దూరమున నుండగా బోస్టను నలువదిరెండు భాగలకు పైని యున్నది. అక్టోబరు చివర నచ్చట చెట్ల యాకులు ఎఱ్ఱబడి రాలిపోవుచుండును. డిసెంబరు వచ్చునప్పటికి సాయంకాలము నాలుగుంబావునకే సూర్యుడస్తమించును. పిమ్మట మార్చివఱకు మంచు. గోదావరీ తీరమున పుట్టి, మదరాసు వేడిమియందు చదువుకొని, ఒక దీర్ఘవ్యాధినుండి క్రొత్తగా లేచిన శరీరమునకు ఆ చలి యెట్లుండునో చదువరులే యూహింపగలరు. ఇంటికి వ్రాసిన జాబు ఓడమీద పోయి, తిరిగి ప్రత్యుత్తరము వచ్చుటకు నెలలు గడచుచుండెను. నేడు మన పిల్లలు దిగిన మఱుక్షణమున తల్లికి ముఖము చూపుదురు. సీనియరు విద్యార్థులు విమానాశ్రయమునకు వచ్చి తోడ్కొనిపోదురు. గదియు, బియ్యమును, ఫోనునకు వలయు సిమ్ముకార్డును ముందే సిద్ధముగా నుండును. సుబ్బారావుగారికి తెలుగు పలుకు వినబడు నట్టి యిల్లొక్కటి యైనను అచ్చట నుండె నని చెప్పజాలము.

హార్వర్డు వైద్యకళాశాల భవనములు తెల్లని చలువఱాతితో కట్టబడినవి. 1906 మొదలు కళాశాల యచ్చట నడచుచున్నది. ఆ కళాశాలకు చెందిన ఉష్ణమండల వైద్యశాఖకు రిచర్డు స్ట్రాంగు అను నాచార్యు డధిపతిగా నుండెను. సుబ్బారావుగారు అందులో విద్యార్థిగా చేరిరి. పగలు చదువు దొరికినది. కాని భోజనమునకును గదికిని ఆధారము చాలలేదు. మదరాసులో పొందిన పట్టముతో అమెరికాలో వైద్యము చేయుటకు చట్టము సమ్మతింపదు. కావున రోగిని ముట్టి చికిత్స చేయుటకు వీలులేదు. రోగి ప్రక్కనుండి చేయదగిన పని మఱొకటి దొరికినది. కళాశాలకు ప్రక్కనే పీటరు బెంటు బ్రిగము ఆసుపత్రి యుండెను. అచ్చట రాత్రివేళల పరిచారకుడుగా, మన ఆసుపత్రులలో వార్డుబాయి యని పిలుచుదుమే ఆ పనివానిగా, సుబ్బారావుగారు కుదిరిరి. మంచము దిగలేని రోగుల మలమూత్ర పాత్రల నెత్తి, పాఱబోసి, కడిగి, మరల మంచముల క్రింద నుంచుట యాయన పని.

మన సంచికలలో సుబ్బారావుగారిని గూర్చి వచ్చిన వ్యాసములను మేము కొన్ని చదివియున్నాము. అందు పెక్కింటిలో ఈ సంగతి లేదు. ఉన్నచోట చిన్న చిన్న పనులు చేసిరి అని రెండు మాటలతో దాటవేయబడినది. ఇది వినయముచేత విడిచినది కాదు, సిగ్గుచేత విడిచినది. మన యింటి పిల్లవాడు, వైద్యపట్టము పొందినవాడు, తాము చేయుటకు మనవారు తరతరములుగా నిరాకరించి యితరులచే చేయించిన పనిని తన చేతులతో చేసినాడని యొప్పుకొనుట మనకు కష్టముగా నున్నది. మా యభిప్రాయమేమనగా, ఆ పని నీచమును కాదు, దానిని చేసినంత మాత్రమున కీర్తింపవలసినదియును కాదు. మన దేశమున నా పనియే జన్మాంతము చేసి, ఒక్క వ్యాసమునందైనను పేరు వ్రాయబడని వారు కోట్లకొలది యున్నారు. సుబ్బారావుగారికి అది కొంతకాలపు ఆధారము. దానినుండి బయటపడు దారి ప్రక్కవీథిలోని చలువఱాతి భవనమునందుండెను. ఈ భేదమును మఱవరాదు. అయినను ఆ దినములను మన చరిత్రనుండి తుడిచివేయుట అసత్యమగును.

అంతకు ఇరువది తొమ్మిదేండ్ల క్రిందట వివేకానందస్వామికిని ఆ బోస్టను ప్రాంతమే యాశ్రయమిచ్చినది. 1893 జులై చివర చికాగో చేరిన స్వామి, సభలకింకను వ్యవధి యున్నదనియు, పరిచయపత్రము లేనిదే ప్రవేశము లేదనియు తెలిసికొని, చేతిలోని ధనము వేగముగా కరగిపోవుచుండగా, వ్యయము తక్కువయను మాట విని బోస్టనువైపు పోయిరి. హార్వర్డులో గ్రీకుభాషాచార్యుడగు జాన్ హెన్రీ రైటు వారికి పరిచయపత్రము వ్రాసియిచ్చెను. రామకృష్ణ మఠమున చేరగోరిన సుబ్బారావుగారికి ఈ కథ తెలియకుండదు.

చలియు, దారిద్ర్యమును, రాత్రి చాకిరియు చాలనట్లు మఱొకటి వచ్చినది. 1917 నాటి చట్టముచే హిందూదేశీయులు వలసదారులుగా అమెరికాలో ప్రవేశింపరాదు; విద్యార్థులు మొదలగు కొందఱికి మాత్రము మినహాయింపు. సుబ్బారావుగారు దిగి నాలుగు మాసములు నిండకమునుపే, 1923 ఫిబ్రవరి 19వ తేదీన, భగత్‌సింగు థిండు అను పంజాబు సోదరుని వ్యాజ్యెమున అచ్చటి సుప్రీముకోర్టు, హిందూదేశీయులకు పౌరసత్వమున కర్హత లేదని తీర్పుచెప్పినది. అనగా ఎంతటివాడైనను, ఎన్నాళ్లున్నను, ఆ నగరమున పరదేశిగానే యుండవలెను. ఈ యవరోధము 1946 వఱకు తొలగలేదు. తొలగిన పిదప కూడ సుబ్బారావుగారు అమెరికా పౌరులుగా కాక, పరదేశిగానే మరణించిరి.

అట్లయిన ఆయన బోస్టనులో కుదురుకొన్న దెన్నడు? మా దృష్టిలో అది గది దొరికిన దినము కాదు, పట్టము చేతికివచ్చిన దినమును కాదు. ఉష్ణమండల వైద్యమున డిప్లొమా ముగించిన పిమ్మట జీవరసాయనశాఖలో ప్రవేశించి, ఒక ప్రయోగపు బల్లయొద్ద చోటు సంపాదించిన దినము. ఆ శాఖకు ఓటో ఫోలిన్ అను స్వీడను దేశస్థుడు అధిపతి. ఆయనయు వలసవచ్చినవాడే, రంగుల గాఢతనుబట్టి రక్తమూత్రములందలి పదార్థములను కొలుచు విద్యయందు ప్రసిద్ధుడు. ఆయన క్రింద సైరస్ ఫిస్కే యను నాచార్యునితో సుబ్బారావుగారు జతపడిరి.

వారు తొలుత సాధించినది భాస్వరమును కొలుచు పద్ధతి. రక్తమునందుగాని మూత్రమునందుగాని యున్న భాస్వరము అత్యల్పము. దానిని తూచుట దుస్సాధ్యము. దానికి మాలిబ్డేటు అను లవణమును చేర్చి, మఱియొక ద్రవ్యముతో క్షయకరణము చేసినచో నీలవర్ణము పుట్టును. భాస్వర మెంత యెక్కువైన నీలి యంత చిక్కనగును. ఆ నీలిని తెలిసిన ప్రమాణముతో పోల్చి చూచిన లెక్క తేలును. 1925లో ప్రకటింపబడిన ఈ పద్ధతికి ఫిస్కే–సుబ్బారావు పద్ధతి యని పేరు. వైద్యకళాశాలల జీవరసాయన పాఠములలో నేటికిని ఆ పేరు వినబడును. రాత్రులు మూత్రపాత్రలు కడిగిన చేతులే పగలు ఆ మూత్రమునందలి భాస్వరమును లెక్కకట్టు నుపాయమును కనిపెట్టినవి. మేము చమత్కారమునకై వ్రాయుట లేదు, జరిగినదట్లే.

ఆ పద్ధతిని చేతబట్టుకొని కండరములలో భాస్వరము వెదకగా, 1927లో ఫాస్ఫోక్రియాటిను అను పదార్థము దొరికినది. అంతకుముందు కండరముల శక్తినిగూర్చి హిల్లు, మయ్యరుహాఫు అను పండితులు చెప్పి నోబెలు బహుమానమును పొందిన సిద్ధాంతము దీనిచే కదలిపోయినది. 1929లో ఏ.టి.పి. అని పిలువబడు పదార్థమును బయటికి దీసిరి. అదే యేట జర్మనీలో లోమాన్ అను శాస్త్రజ్ఞుడును దానిని కనుగొనెను. మనము వ్రేలు కదపవలెనన్నను, గుండె కొట్టుకొనవలెనన్నను దాని యందలి శక్తియే వ్యయమగును. 1930లో పిహెచ్.డి. పట్టము వచ్చినది. కాని హార్వర్డులో స్థిరమగు నుద్యోగము రాలేదు. 1940లో న్యూయార్కు రాష్ట్రమునందలి పెరల్ రివరు అను నూర లెడర్లీ సంస్థ ప్రయోగశాలకు పోయి, అచ్చట పరిశోధనలకు నాయకులైరి. సోదరులను బలిగొన్న స్ప్రూ వ్యాధికి ఔషధమగు ఫోలికామ్లమును వారి బృందము 1945లో కృత్రిమముగా తయారుచేసినది. బోదకాలునకు వాడు డి.ఇ.సి. మందు వారి యాధ్వర్యవముననే వెలువడినది. మన కోస్తామండలములలో ఇంటింటికిని వచ్చి మ్రింగించిన ఆ మాత్రలను మీలో కొందఱు మ్రింగియే యుందురు.

ఇక చెప్పుటకు మనసొప్పని సంగతి యొకటి మిగిలినది. సుబ్బారావుగారు ఓడ యెక్కినప్పుడు శేషగిరిగారిని పుట్టింట విడిచి, చదువు ముగియగనే మరలివత్తునను తలంపుతో వెళ్లిరి. వారు వెళ్లిన తరువాత కుమారుడు పుట్టెను. తండ్రి ముఖమెఱుగకయే ఆ బిడ్డ శైశవముననే పోయెను. సుబ్బారావుగారు మరల స్వదేశమునకు రాలేదు. అలంకారశాస్త్రమునందు అష్టవిధ నాయికలలో ప్రోషితభర్తృక యని యొకతె కలదు. భర్త దేశాంతరమున నుండగా నిరీక్షించునది. విద్యార్థులకు ఆ లక్షణమును మేము ఎన్నియో యేండ్లు చెప్పితిమి. కాళిదాసు యక్షునికి విధించిన వియోగము ఒక్క సంవత్సరము. శేషగిరిగారి నిరీక్షణము 1922 నుండి 1948 వఱకు, ఇరువదియాఱేండ్లు. శాస్త్రసేవకై చేసిన త్యాగమని దీనిని పొగడువారున్నారు. త్యాగము చేసినది ఆయనయే యైనచో ఆ మాట చెల్లును. ఆమె నెవరును అడిగినట్లు కనబడదు. ఒక మనుష్యుడు పరదేశమున కుదురుకొనునప్పుడు ఇచ్చట మఱియొకరి జీవితము కుదురు తప్పవచ్చును. మహనీయుల చరిత్రమని దీనిని మఱుగుపఱచుట మా కిష్టము లేదు. ఈ ప్రాంతములలోని యెన్నియో యిండ్లలో వృద్ధదంపతులు మాత్రమే మిగిలి, తెల్లవారుజామున ఫోను మ్రోగునేమోయని వినుచు కూర్చుండుట మే మెఱుగుదుము.

బోస్టనులో బ్రిగము ఆసుపత్రినుండి నడచిన కొద్ది నిమిషముల దూరముననే పిల్లల యాసుపత్రి యున్నది. 1947 చివర నచ్చటి వైద్యుడు సిడ్నీ ఫార్బరు, రక్తపు క్యాన్సరుచే మరణమున కెదురుచూచుచున్న చిన్నబిడ్డలకు అమినాప్టెరిన్ అను క్రొత్త మందు నీయ నారంభించెను. ఫోలికామ్లమునకు ప్రతికూలముగా పనిచేయు ఆ మందు పెరల్ రివరులోని సుబ్బారావుగారి ప్రయోగశాలనుండి వచ్చినది. పదాఱుగురిలో పదిమందికి గుణము కనబడినది. అది శాశ్వతము కాలేదు. కొలది మాసములు మాత్రమే నిలిచినది. అంతకుముందు ఏ మందుకును ఆ మాత్రమైనను లొంగని రోగమది. ఆ ఫలితములు 1948 జూనులో ప్రకటింపబడినవి. ఆగస్టులో సుబ్బారావుగారు ఏబదిమూడవ యేట గుండె ఆగి మరణించిరి.